తొలి పాత్రకు ఒక లోపం

మొన్న సెలవులలో తాటిపాకలో మా యింటి అరుగుమీద నలుగురు విద్యార్థులు పాచికలు, కాగితాలు ముందుంచుకొని కూర్చున్నారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే కథాక్రీడ అది. ఆటగాడు ఒక పాత్రను కల్పించుకొని, తోటివారితో కలిసి సాహసగాథ నడపాలి. తొలినాటి నియమం ప్రకారం బలం, బుద్ధి, వివేకం, చురుకుదనం, దేహదారుఢ్యం, ఆకర్షణ అనే ఆరు గుణాలకూ విడివిడిగా మూడేసి పాచికలు వేయాలి. 3 మొదలు 18 వరకు ఎంతైనా పడవచ్చు.

పరీక్ష తప్పిన నాటినుండి నలుగురిలోకి రాని బాలుడొకడు ఆనాడు వచ్చాడు. అతని పాత్రకు బలం 5 పడింది.

“మాస్టారూ, మళ్లీ వేసుకోనా?” అన్నాడు.

వద్దన్నాను. సకలగుణ సంపన్నునికి తోడెందుకు? ఉర్దూ దాస్తానులో అంతటి పరాక్రమశాలి అమీర్ హంజాకు యుక్తి చెప్పడానికి అమర్ అయ్యార్ కావలసివచ్చాడు. మన విక్రమార్కుని సాహసానికి భట్టి ఉపాయం తోడయింది. లోపమున్నచోటనే స్నేహానికి చోటుంటుంది.

ఆ బాలుడు తన పాత్రను లేఖకునిగా మలచుకొన్నాడు. కథలో కోటద్వారంమీది లిపిని చదివి, కండబలం గల ముగ్గురినీ కాపాడాడు.

విద్యార్థి మిత్రులారా! పడిన అంకెను దాచుకోకండి. దానితోనే కథ ప్రారంభించండి.