పడవ యడుగున నిలుచు నీరు

మంత్రాలయము రేవున పుట్టిని చూడని విద్యార్థి మన పాఠశాలలో ఉండడనుకొందును. వెదురు బద్దలతో అల్లి, వెలుపల పూర్వము తోలును, పిమ్మట తారు పూసిన గుడ్డను, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాను కప్పుచున్న ఈ గుండ్రని పడవ మన తుంగభద్రకు క్రొత్తది కాదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఇదే నదిపై ఎగువన ఆనెగొంది కడ, తోలు కప్పిన బుట్టలవంటి పడవలను చూచితినని వ్రాసెను. ఒక్కొక్కదానిలో 15, 20 మంది పట్టుదురనియు, అవి గిరగిర తిరుగుచు పోవుననియు ఆయన చెప్పెను. ఐదువందల యేండ్లలో పైకప్పు మారినది గాని, అడుగున నీరు చేరుట మారలేదు.

2017 నవంబరు 12వ తేదిన కృష్ణలోను, 2019 సెప్టెంబరు 15వ తేదిన కచ్చులూరు కడ గోదావరిలోను పడవలు మునిగినప్పుడు పెద్దలందరును ఎక్కినవారి సంఖ్యనుగూర్చియు, ప్రాణరక్షక కవచములనుగూర్చియు మాటలాడిరి. అవి మాటలాడదగినవే. కాని పడవ యడుగున నిలుచు నీటినిగూర్చి ఆలోచించువారు నాకు అరుదుగా కనబడుచున్నారు. పాదములు తడిసిన ఇబ్బందిగా మాత్రమే జనులు దానిని తలంతురు. ఈ తలంపు తప్పని నా అభిప్రాయము.

లెక్క వేసి చూడుడు. రెండున్నర మీటర్ల వ్యాసముగల పుట్టి యడుగు బల్లపరుపుగా నున్నదనుకొందము. అందు 5 సెంటీమీటర్ల నీరు, అనగా చీలమండకైనను రాని నీరు, నిలిచినచో దాని బరువు సుమారు 245 కిలోగ్రాములు. టిక్కెట్టు లేక నలుగురు పెద్దమనుష్యులు ఎక్కి కూర్చుండినట్లే! పైగా ఆ నలుగురు కుదురుగా కూర్చుండువారు కారు. పుట్టి ఏ ప్రక్కకు ఒరిగిన ఆ ప్రక్కకే పరుగెత్తి, దానిని మరింత ఒరిగింతురు. ధాన్యపు మూటను కదలకుండ కట్టవచ్చును. నీటిని కట్టు త్రాడు లేదు. అందుచేత బరువుకంటె దాని పరుగే ఎక్కువ భయంకరము.

ఈ సంగతి తరగతిలో చెప్పగా ఒక బాలుడు, "అట్లయిన అడుగున బెజ్జము పెట్టిన నీరు పోదా, అయ్యా?" అని అడిగెను. తక్కినవారు నవ్విరి గాని ప్రశ్న మంచిది. నీరు ఎత్తునుండి పల్లమునకే పోవును. పుట్టి యడుగు వెలుపలి నీటిమట్టమునకు దిగువన నున్నది గనుక బెజ్జము పెట్టిన వెలుపలి నీరే లోపలికి వచ్చును. రేకుడబ్బాకు మేకుతో బెజ్జము కొట్టి నీళ్ల తొట్టిలో తేల్చినచో చిన్నపిల్లలకు సయితము ఇది తెలియును. కాని నిలుచుచోటు వెలుపలి నీటికంటె ఎత్తుగా నున్నచో ఆ బాలుని బెజ్జమే పడవను రక్షించును.

సముద్రముపై తెరచాప నావలను నడుపువారు సరిగా ఈ పనియే చేసిరి. చుక్కాని పట్టువాడు కూర్చుండు పల్లపుచోటును కాక్‌పిట్టు అందురు. దాని నేలను వెలుపలి నీటిమట్టమునకు పైన నిలిపి, మూలలందు తూములు పెట్టుదురు. నావ వాలినప్పుడు వెలుపలి నీరు ఎదురెక్కకుండుటకై ఎడమ తూము గొట్టమును కుడివైపునకును, కుడిదానిని ఎడమవైపునకును అడ్డముగా వేయుట కలదు.

ఇక తూము ఎంత వెడల్పుండవలెను? సముద్రపు పందెములకై ప్రపంచ సెయిలింగు సంస్థ విధించిన నియమములలో, ఎనిమిదిన్నర మీటర్లకు తక్కువైన నావలకు 25 మిల్లీమీటర్ల తూములు రెండైనను ఉండవలెనని కలదు. నా మట్టుకు ఇది మిక్కిలి తక్కువ. అల యెగిరిపడి కాక్‌పిట్టులో 20 సెంటీమీటర్ల యెత్తున 500 లీటర్లు నిలిచెననుకొనుడు. మొదట నీరు సెకనుకు సుమారు 2 మీటర్ల వేగముతో వెడలును. మట్టము తగ్గినకొలది వేగము తగ్గును. ధార సన్నబడుటను కూడ లెక్కించినచో అంతయు పోవుటకు సుమారు 14 నిమిషములు పట్టును. తుపానులో రెండవ అల అంతసేపు ఆగునా? తూముల వ్యాసమును రెట్టింపు చేసినచో వైశాల్యము నాలుగు రెట్లగును. కాలము మూడున్నర నిమిషములకు దిగును. మన ఆదోని ప్రాంతపు మట్టి మిద్దెలపై నివసించువారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. ఇరుకు తూముకు ఒక వేపాకు అడ్డుపడిన చాలును, ఆ రాత్రి ఇల్లెల్ల కురియును.

డెన్మార్కు దేశపు పాల్ ఎల్వ్‌స్ట్రోమ్, 1948 మొదలు 1960 వరకు వరుసగా నాలుగు ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకములు గొన్న నావికుడు, చిన్న నావలకు వేరొక ఉపాయము కల్పించెను. అడుగున అమర్చిన చిన్న మూతను తెరచినచో, నావ వేగముగా పోవునప్పుడు క్రిందిగా ప్రవహించు నీరే లోపలి నీటిని పీల్చివేయును. హైదరాబాదున హుస్సేన్‌సాగరముపై పందెములాడు లేజరు పడవలలో ఇట్టి మూత కలదు. అదే చెరువుపై బాలురు నేర్చుకొను ఆప్టిమిస్టు పడవలో నది లేదు. అక్కడ చేతితోనే నీరు తోడవలెను. నెమ్మదిగా పోవు పడవకు పీల్చు శక్తి చాలదు. తెడ్డుతో తిరుగుచు పోవు పుట్టికి ఈ మూత పనికిరాదు.

మన తీరపు జాలరుల తెప్ప అన్నిటికంటె తెలివైనది. దుంగల సందులలోనుండి అల వచ్చినట్లే పోవును. నిలువ నీరనునదే లేదు. ఒడలు తడియుట మాత్రము తప్పదు.

కావున పుట్టికి చేయవలసినది ఏమి? అడుగునకు పైన రెండవ నేల వేసి తూములు పెట్టవచ్చునని కొందరు చెప్పవచ్చును. నేను ఒప్పుకొనను. అంత తేలికైన పడవలో జనులను ఎత్తున కూర్చుండబెట్టిన అది సులభముగ బోర్లపడును. ఒక కీడును తొలగింపబోయి పెద్ద కీడును కొనితెచ్చుకొనుటయే అగును. పుట్టికి తగిన తూము మనుష్యుని చెయ్యి. నీరు తోడు డబ్బా యొకటి త్రాటితో అంచునకు కట్టియుండవలెను. తెడ్డు వేయువాడు ఆ పని చేయలేడు. ఎక్కినవారిలో ఒకనికి అది ముందే ఒప్పగింపవలెను. పాదముల క్రింద పలుచని వెదురు తడక పరచినచో నీరెంత చేరినదో కంటికి కనబడును. తడకపైకి నీరు వచ్చెనా, ఒడ్డునకు త్రిప్పవలెను.

తలిదండ్రులకు నా మనవి యొకటి. ఆవలి ఒడ్డుననున్న రాయచూరు జిల్లా గ్రామములకు పిల్లలను పుట్టిపై పంపునప్పుడు బాడుగ ఎంతని అడుగుదురు గదా. డబ్బా ఏదని కూడ అడుగుడు. లేదనినచో పిల్లలను ఎక్కింపకుడు. 2009 అక్టోబరు వరదలో మంత్రాలయమును ముంచిన నది ఇదియే. ఎగువన హోస్పేట కడ ఆనకట్టనుండి నీరు విడిచిన దినములలో డబ్బా ఉన్నను పుట్టి నెక్కరాదు.