గిరాకీకి తలవంచని మఠం

ఒక వస్తువునకు గిరాకీ పెరిగినప్పుడు రెండింటిలో ఒకటి జరుగుతుందని మన అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాలు చెబుతున్నవి: ఉత్పత్తి పెరగవలెను, లేదా ధర పెరగవలెను. లోకంలో సాధారణంగా రెండూ జరుగుతవి. ఈ రెండింటికీ ఇష్టపడక, వాకిట నిలిచిన వేలమందిని వంతులవారీగా పంపివేస్తూ, తన పనిని తాను గీసుకొన్న గీతలోపలనే చేసుకొంటున్న ఒక చిన్న తయారీశాల గోడదాకా వెళ్ళివచ్చిన అనుభవం ఈ వ్యాసానికి ఆధారం. అది బెల్జియం దేశంలో వెస్ట్‌వ్లెటరెన్ అనే పల్లెలోని సెయింట్ సిక్స్‌టస్ మఠం. అక్కడి క్రైస్తవ సన్యాసులు చేసేది బీరు.

పాఠకులలో పెక్కుమంది ఉపాధ్యాయులు, విద్యార్థులు అగుటచేత ముందుగా ఒక మాట చెప్పుకోవలసియున్నది. నేను మద్యం ముట్టనివాడను. దానిని పొగడుటకు ఈ వ్యాసం వ్రాయడం లేదు. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొన్న స్త్రీలు సారాకు ఎదురుతిరిగిన కథను తరగతిలో ఎన్నిమార్లో చెప్పినవాడను. ఆ కథ చెప్పిన నోటితోనే ఈ కథ చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని పనివాడు తన పనికి హద్దు ఎక్కడ గీసుకోవలెనన్న ప్రశ్న కుండ చేసేవానికి, బట్ట నేసేవానికి, బీరు చేసేవానికి, పాఠం చెప్పేవానికి కూడ ఒక్కటే.

2023 ఆగస్టులో బ్రస్సెల్సులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వద్ద కొన్నాళ్ళున్నాను. ఒక శనివారంనాడు ఇద్దరం కారులో పడమటి దిక్కుగా బయలుదేరినాము. దారిలో ఈప్ర్ పట్టణం వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో నేలమట్టమై, మరల కట్టబడిన ఊరు అది. అక్కడి మెనిన్ ద్వారంమీద సమాధికి సైతం నోచుకోని యాభైనాలుగు వేలమందికి పైగా సైనికుల పేర్లు చెక్కినారు. 1914లో మన దేశంనుండి వెళ్ళి అక్కడ అసువులు బాసినవారి పేర్లు కూడ వానిలో ఉన్నవి. కొంతసేపు నిలబడి చదివి ముందుకు సాగినాము.

ఈప్ర్ దాటి పోపరింగె చేరగానే భూమి స్వరూపం మారుతుంది. ఇరవై అడుగుల ఎత్తున స్తంభాలు పాతి, తీగలు లాగి, వానిపై హాప్సు లతలను ప్రాకించినారు. దూరంనుండి చూస్తే మన ఆకుతోటలను ఎవరో పట్టి పైకి సాగదీసినట్లున్నది. ఈ లతల పుష్పగుచ్ఛాలే బీరునకు చేదును, వాసనను ఇస్తవి. అది త్వరగా చెడిపోకుండ కాపాడుతవి కూడ. తోటల నడుమ సన్నని దారిపట్టి పోగా పోగా మఠం గోడ కనిపించినది.

గోడే కనిపించినది, లోపలిది కాదు. మఠంలోనికి గాని, తయారీశాలలోనికి గాని సాధారణ సందర్శకులకు ప్రవేశం లేదు. ఎదుట ‘ఇన్ ద వ్రేదె’ అని ఒక ఫలహారశాల, దానిలో సన్యాసుల జీవితాన్ని తెలిపే చిన్న ప్రదర్శనశాల ఉన్నవి. ఆ పేరునకు ‘శాంతియందు’ అని అర్థమట. ఆ ప్రదర్శన చూచి, ఇంటివద్ద చదివినదానిని జతచేసుకొని నేను గ్రహించినదానిని ఇక్కడ చెబుతున్నాను.

ఈ మఠం 1831లో ఏర్పడినది. 1830ల చివరనుండి అక్కడ బీరు తయారవుతున్నది. వీరు ట్రాపిస్టులు, అనగా ఆరవ శతాబ్దంలో సెయింట్ బెనెడిక్టు ఏర్పరచిన నియమావళిని మిక్కిలి కఠినంగా పాటించే శాఖవారు. దినమునకు ఏడుమార్లు సామూహిక ప్రార్థన. మిగిలిన వేళలలో పఠనం, చేతిపని. భిక్షమీద గాక తమ చేతి కష్టంమీద బ్రతుకవలెనన్నది వారి నియమం. ఆ నియమావళిలోనే చేతిపనివారిని గూర్చి ఒక చిన్న అధ్యాయమున్నది. ఏ పనివాడైనను తన నైపుణ్యంవల్ల మఠానికి మేలు కలుగుతున్నదని గర్వించినయెడల అతనిని ఆ పనినుండి తొలగించవలెనట. సరుకు అమ్మునప్పుడు లోభం చొరబడకుండ బయటివారికంటె కొంచెం తక్కువ ధరకే అమ్మవలెనట. ఒకటిన్నర వేల సంవత్సరాల క్రిందటి ఈ రెండు మాటలు తెలియనివారికి ఈ మఠం నడవడిక పిచ్చిగా కనిపిస్తుంది.

తయారీ విధానం పెద్ద రహస్యం కాదు. బార్లీ గింజలను నానవేసి మొలకెత్తించి, ఎండబెట్టి, పొడిచేసి వేడినీటిలో ఉంచుతారు. గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపినీటిని వడగట్టి హాప్సుతో మరిగించి, చల్లార్చి, ఈస్టు చేర్చుతారు. ఆ ఈస్టు వీరిది కాదు. వెస్ట్‌మాల్ అనే ఊరిలోని మరొక ట్రాపిస్టు మఠంనుండి తెచ్చుకొంటారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. ప్రపంచంలోకెల్ల శ్రేష్ఠమని పేరుపడిన బీరునకు పొరుగింటినుండి తోడు తెచ్చుకొంటున్నారన్నమాట! మా అమ్మ పాలు తోడుపెట్టుటకు చల్లకై పక్కింటికి గిన్నె ఇచ్చి పంపినట్లే. పులిసిన పిదప వారాలతరబడి చల్లని తొట్లలో నిలువ ఉంచుతారు. సీసాలో పోసిన తరువాత కూడ అది లోలోపల మరికొంత పులుస్తుంది. ఈ కాలాన్ని త్వరపెట్టడం కుదరదు. తొట్లను పెంచవచ్చును, చేతులను పెంచవచ్చును. వారు పెంచకపోవడమే ఇక్కడి విశేషం.

ఆ నిర్ణయం మొదట 1946లో జరిగినది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసినవెంటనే, వ్యాపారం మఠజీవనాన్ని మింగివేయునన్న భయంతో, తమ పోషణకు సరిపడునంతమాత్రమే తయారుచేయవలెనని వారు నిశ్చయించుకొన్నారు. బజారున అమ్ముటకు తయారుచేసే అనుమతిని పొరుగున వాటౌ గ్రామంలోని ఒక తయారీశాలకు ఇచ్చినారు. ఆ ఒప్పందం 1992 వరకు నడిచినది. ట్రాపిస్టు అన్న పేరు మఠం గోడల లోపల, సన్యాసుల పర్యవేక్షణలో తయారైన సరుకునకే చెల్లవలెనన్న కట్టుబాటు బలపడిన పిదప అది ఆగిపోయినది.

తుపాను 2005లో వచ్చినది. రేట్‌బీర్ అనే అంతర్జాల వేదికలో ఔత్సాహికులు ఈ మఠం చేసే ‘12’ అను బీరును ప్రపంచంలో అగ్రస్థానాన నిలిపినారు. పొలాల నడుమ ఆ సన్నని దారిలో కార్లు బారులు తీరినవి. కొద్దికాలంలోనే నిల్వలు అడుగంటి, అమ్మకం ఆపవలసి వచ్చినది. మరొకరైతే బ్యాంకుకు వెళ్ళి అప్పు తెచ్చి రెండవ కర్మాగారానికి శంకుస్థాపన చేసియుందురు. వీరు ఆ పని చేయక క్రమం ఏర్పరచినారు. ముందుగా ఫోను చేసి, కారు నంబరు చెప్పి, తేదీ పుచ్చుకొని రావలెను. ఒక ఫోను నంబరునకు, ఒక కారు నంబరునకు అరవై రోజులకొక్కమారే వంతు. కొన్నది తిరిగి అమ్మరాదు. ఇది మనకు చిరపరిచితమైన రేషను కార్డు పద్ధతియే! ఒక భేదమున్నది: మన రేషను లేమివల్ల పుట్టినది, వారిది కోరి తెచ్చుకొన్నది.

క్రమమున్నచోట దానిని తప్పించుకొనేవారు కూడ ఉంటారు. 2018లో నెదర్లాండ్సులోని ఒక అంగళ్ళ సంస్థ ఈ సీసాలను ఏవిధంగానో వేలసంఖ్యలో సంపాదించి, మఠం రెండు యూరోల లోపు అమ్మేదానిని ఇంచుమించు పది యూరోలకు అమ్మినది. సన్యాసులు బహిరంగంగా నిరసన తెలిపినారు. మరుసటి సంవత్సరం ఫోనునకు బదులు వెబ్‌సైటులో పేరు నమోదుచేసుకొనే పద్ధతి పెట్టి, ఎక్కువకాలంగా దొరకనివారికి ముందు అవకాశం కలిగేటట్లు ఏర్పాటు చేసినారు. సినిమా టిక్కెట్టు బ్లాకులో అమ్మేవానిని చూచి పెరిగిన మనకు ఈ కథలో కొత్త ఏమియు లేదు. ధర పెంచినట్లయితే బ్లాకువాడు దానంతట అదే మాయమగునని అర్థశాస్త్రజ్ఞుడు అంటాడు. నిజమే, కాని అప్పుడు సీసా ధనవంతునికే దక్కుతుంది. వీరు ధనమును గాక ఓర్పును కొలబద్దగా పెట్టుకొన్నారు. రెండింటిలో ఏది న్యాయమో విద్యార్థులు తరగతిలో వాదించుకోదగిన విషయం.

వీరు ఒక్కమారుకూడ గీత దాటలేదని చెప్పితే అది స్తుతిపాఠం అవుతుంది. మఠం భవనాలు శిథిలమై, మరల కట్టుటకు డబ్బు చాలనప్పుడు, 2011లో ఆరు సీసాలు, రెండు గ్లాసులు గల పెట్టెలను బెల్జియంలోని దుకాణాలద్వారా అమ్మించినారు. ఒక్కొక్క పెట్టె కట్టడానికి ఒక ఇటుక అన్నమాట. పెట్టెలు చూచుచుండగనే ఖాళీ అయినవి. 2012లో అమెరికా మొదలైన దేశాలకు కూడ పంపినారు. అవసరం తీరగానే పాత పద్ధతికే మరలినారు. నాకు వింతగా తోచినది ఎక్కువ చేయగలగడం కాదు, చేసి చూచినవారు వెనుకకు రావడం. లాభం రుచి చూచిన పిదప వెనుకకు నడిచినవారిని మనం ఎంతమందిని ఎరుగుదుము?

ఇక ఆక్షేపణలు. సన్యాసికి కూతురి పెండ్లి లేదు, కుమారుని చదువు లేదు. అతడు చాలునని సులభంగా అనగలడు. సంసారం మోసే చేనేతకారుడు పండుగ గిరాకీని కాదని కూర్చుంటే ఆ యింట పొయ్యి వెలుగదు. ఈ ఆక్షేపణకు నావద్ద సమాధానం లేదు. రెండవది మరింత సూక్ష్మమైనది. వాటౌలోని ఆ తయారీశాల 1992 తరువాత తన సొంత పేరుతో బీరు చేస్తూనే ఉన్నది. రుచిలో మఠంవారిదానికి చాల దగ్గరనీ కొందరు రసజ్ఞులు అంటారు. అది బజారున విరివిగా దొరుకుతుంది. దానిని వదిలి జనం మఠం వాకిట నిలబడుతున్నారంటే వారు వెదకుతున్నది రుచిని కాదు, దొరకనితనాన్ని. వద్దనుకొన్నకొద్దీ కీర్తి పెరుగుతున్నది. సన్యాసులు దీనిని కోరి చేసినారని అనజాలను గాని, దానివల్ల వారికి ప్రచారపు ఖర్చు లేకుండపోయినమాట వాస్తవం.

అయినను ఆ గోడవద్ద నిలిచినప్పుడు నా మనస్సు బీరుమీద లేదు, మా పాఠశాలలమీదకు పోయినది. నేను ఎరిగిన ఒక చిన్న బడి ఉండేది. ప్రధానోపాధ్యాయుడే ప్రతి తరగతిలో తెలుగు చెప్పేవారు. ప్రతి పిల్లవాని నోటుపుస్తకం ఆయన ఎర్రసిరా చూచేది. ఫలితాలు వచ్చినవి. తల్లిదండ్రులు వరుస కట్టినారు. ఒక తరగతి మూడు సెక్షనులయినది, ఒక ఊరి బడి నాలుగు ఊళ్ళ బడి అయినది. ఆయన ఆఫీసుగదిలో ప్రవేశ దరఖాస్తులు చూడడంలో మునిగిపోయినారు. ఏ పాఠంకోసం జనం వచ్చినారో ఆ పాఠం చెప్పేవారు లేకపోయినారు. బోర్డుమీద పేరు మాత్రం అదే. ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేనుకూడ అరవైమంది ఉండవలసిన గదిలో నూటపదిమందికి ఛందస్సు చెప్పినవాడనే. గణవిభజన అభ్యాసాలు ఒక్కొక్కటిగా దిద్దడం ఏ యేట మానుకొన్నానో నాకే గుర్తు లేదు. అయితే బడి విషయంలో వాకిట నిలిచిన పిల్లవానిని మరల రమ్మని పంపివేయడం బీరు సీసా విషయమంత తేలిక కాదు. మఠం చూపిన దారి అక్కడ ఆగిపోతుంది. ఆ పిల్లవానికి మరొక మంచి బడి కావలెను, ఇదే బడియొక్క ఐదవ శాఖ కాదు.

ఈ మఠాలకు మరొక చిక్కు వచ్చిపడినది. గిరాకీ ఎంత ఉన్నను చేసే చేతులు తగ్గిపోతున్నవి. బెల్జియంలోనే ఆఖెల్ మఠంలో సన్యాసులు మిగలకపోవడంచేత 2021లో అక్కడి బీరు ట్రాపిస్టు ముద్రను కోల్పోయినది. అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రంలోని స్పెన్సర్ మఠంవారు ఆధునిక యంత్రాలతో పెద్ద తయారీశాల కట్టి 2014నుండి బీరు అమ్మినారు. వ్యాపారం గిట్టుబాటు కాక 2022లో మూసివేసినారు. పెద్దదిగా కట్టినది ఎనిమిదేండ్లలో మూతబడినది. చిన్నదిగా ఉండిపోయినది నూట ఎనభై ఏండ్లు దాటి నడుస్తున్నది. దీనినిబట్టి చిన్నతనమే కాపాడినదని తీర్మానించుటకు నేను తొందరపడను. వెస్ట్‌వ్లెటరెన్‌లోను యువసన్యాసులు రాకపోయినట్లయితే ఆ గోడవెనుక కొలిమి ఆరిపోగలదు. వారికి కరువైనది కొనేవారు కాదు, చేరేవారు.

ఆ వారం మా అబ్బాయికి వెబ్‌సైటులో వంతు రాలేదు. ఎదుటి ఫలహారశాలలో ఒక గ్లాసు తెప్పించుకొని, నా ముందు త్రాగుటకు సంకోచిస్తూ, “మీరేమనుకోరుగదా, నాన్నగారూ?” అన్నాడు. కానిమ్మన్నాను. నేను రొట్టెతోను, చీజుతోను సరిపెట్టుకొన్నాను. ముదురు గోధుమరంగు పానీయం; పైన సన్నని నురుగు. వాడు మెల్లమెల్లగా త్రాగినాడు. బాగున్నదిగాని ఇంత దూరం రావలసినంత కాదేమో అన్నాడు.

బయటికి వచ్చేసరికి సాయంకాలపు ప్రార్థనకు గంట మ్రోగుతున్నది. సరుకు ఇచ్చే గేటు అప్పటికే మూసివేసినారు. నెదర్లాండ్సు నంబరుగల కారొకటి వచ్చి ఆగినది. అందులోని పెద్దమనిషి దిగి, గేటుమీది ప్రకటనను రెండుమార్లు చదువుకొని, కొంతసేపు ఆ గంట వింటూ నిలబడి, కారు వెనుకకు త్రిప్పుకొన్నాడు.