ఆ గదికి గడియ ఉందా?

మా పిన్ని కూతురికి నీట్ పీజీలో మంచి ర్యాంకు వచ్చింది. పీడియాట్రిక్స్ తనే కోరుకుంది. వెబ్ ఆప్షన్లు పెట్టాల్సిన రాత్రి ఇంటిల్లిపాదీ లాప్‌టాప్ చుట్టూ చేరారు. ఇంటికి దగ్గరగా, పెద్దగా పని ఉండని కాలేజీ ఒకటి. దూరంగా, ఎప్పుడూ కిటకిటలాడే సర్కారు పిల్లల ఆస్పత్రి ఒకటి. ఏది ముందు పెట్టాలి? బాబాయి బస్సు ప్రయాణం ఎన్ని గంటలో లెక్కేశాడు. కాబోయే అత్తగారు నైట్ డ్యూటీలెన్నని ఫోన్లో ఆరా తీశారు. "ఏదైతేనేం, పిల్లల డాక్టరంటే ఆడవాళ్ళకి సరిపోయే చదువు" అని పిన్ని తేల్చేసింది.

ఆ 'సరిపోయే' అన్న మాట నాకు గుచ్చుకుంది. అది ఇవాళ్టిది కాదు. 1875లో మేరీ షార్లీబ్‌తో సహా నలుగురు స్త్రీలు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1885లో లేడీ డఫరిన్ పేరిట నిధి ఏర్పడింది. ఘోషాలో ఉన్న స్త్రీలని మగడాక్టరు చూడకూడదు కాబట్టి ఆడడాక్టరు కావాలన్నారు. ఆ వాదంతోనే తలుపు తెరుచుకుంది, నిజమే. కానీ నూట నలభై ఏళ్ళ తర్వాత కూడా మనకి ఆ ఒక్క తలుపే చూపిస్తున్నారు, అదీ 'తల్లి మనసు' పేరు చెప్పి.

పీడియాట్రిక్స్‌కి కావలసింది తల్లి మనసేనా? అక్కడ ప్రతి మందూ కిలో బరువుకి ఇంత అని లెక్క. కిలోన్నర బిడ్డ విషయంలో దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకి మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి. అది వాత్సల్యంతో రాదు, మళ్ళీ మళ్ళీ చేస్తేనే వస్తుంది. మరి నవజాత శిశువుల వార్డులో ఎన్ని నెలలు వేస్తారు, రాత్రి రెండు గంటలకి పక్కన నిలబడి నేర్పే సీనియర్ ఉంటారా అని ఆ రాత్రి ఇంట్లో ఒక్కరూ అడగలేదేం? మూడేళ్ళూ తేలిక పని చేయించి పంపిస్తే, రేపు కష్టమైన కేసు రాగానే వేరే ఆస్పత్రికి రాసిచ్చే డాక్టరవుతుంది. ఆ నష్టం ఆమెదీ, ఆ బిడ్డలదీ.

అలాగని పెద్దాస్పత్రికి వెళ్ళి నోరు మూసుకుని భరించమనడం లేదు. నిద్ర లేకుండా పనిచేస్తేనే చదువొస్తుందన్న సీనియర్ల మాట కూడా అబద్ధమే. రెసిడెంట్ల డ్యూటీ ఏకధాటిగా మామూలుగా 12 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే రాసిపెట్టింది. 2023 నాటి పీజీ నిబంధనలు 'సమంజసమైన పనిగంటలు' అని ఊరుకున్నాయి. ఏది సమంజసమో ఎవరు చెప్పాలి? ప్రసూతి సెలవు నిబంధనల్లో ఉంది. ఆ డ్యూటీలు తోటి పీజీల మీద పడేస్తే, గర్భిణి అందరికీ దోషిలా కనబడుతుంది.

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో నైట్ డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరుని సెమినార్ హాల్లో అత్యాచారం చేసి చంపారు. డ్యూటీ మధ్యలో ఆమె కాస్త నడుం వాల్చడానికి వెళ్ళిన చోటది. దాని నుంచి మన ఇళ్ళు నేర్చుకున్నదేమిటి? ఆడపిల్లని నైట్ డ్యూటీలకి పంపొద్దని! గదికి వేయాల్సిన గడియ అమ్మాయికి వేస్తున్నాం.

చివరికి తను రెండు చోట్లా చదువుతున్న అమ్మాయిలకి ఫోన్ చేసింది. ఆడవాళ్ళకి వేరే డ్యూటీ గది ఉందా, దానికి లోపలి గడియ ఉందా, గర్భం వస్తే డ్యూటీలు ఎవరు చూస్తారు, ఎవరు నేర్పుతారు అని అడిగింది. పెద్దాస్పత్రినే మొదట పెట్టింది.

"అక్కడ గదికి గడియ లేదట అక్కా. చేరాక అందరం కలిసి అడుగుతాం" అంది.

అడగాల్సింది తనొక్కతేనా? అత్తగారూ, బాబాయీ, ఆ రాత్రి నైట్ డ్యూటీల గురించి ఇంట్లో వాదించిన నోళ్ళన్నీ రేపు ఆస్పత్రి సూపరింటెండెంట్ ముందు లేవాలి.