చిరునామాకు గడువుందని కౌంటర్ దగ్గరే చెప్పించండి

కెనడా వలస వ్యవహారాల మంత్రిగారికి,

టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో దిగిన కొత్త శాశ్వత నివాసిని కెనడా చిరునామా అడుగుతారు. శాశ్వత నివాస (పీఆర్) కార్డు వచ్చేది అక్కడికే. కానీ మా తెలుగు కుటుంబాలు ఎన్నో ముందు దిగేది తెలిసినవాళ్ల బేస్‌మెంట్‌లోనో, నెల అద్దె గదిలోనో. కార్డు చేరేసరికి ఇల్లు మారిపోతుంది. ఇంతలో అమ్మకు బాగోలేదని గుంటూరు నుంచి ఫోనొస్తే? కార్డు గానీ ప్రత్యేక ప్రయాణ పత్రం గానీ లేనిదే తిరుగు విమానం ఎక్కనివ్వరు.

చిరునామా ఇవ్వడానికి 180 రోజుల గడువుంది. ఆ మాట కౌంటర్ దగ్గరే, చంటిబిడ్డనెత్తుకుని నిద్రకళ్లతో నిలబడ్డ తల్లికి అర్థమయ్యేలా చెప్పించండి. వెనక తెచ్చుకునే నగలు, సామాను జాబితా దిగినరోజే ఇవ్వాలన్న సంగతీ అంతే. ఇవన్నీ తెలుగులో ఒక్క పేజీలో రాసి, ప్రయాణానికి ముందే అందించండి.

ఇట్లు,
ఒక తెలుగు శాశ్వత నివాసి