రోహిణీ కార్తెలో దుప్పటి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,



మా అమ్మ రోహిణీ కార్తెలో దుప్పటి కప్పుకుని పడుకునేది. రోళ్లు పగిలే ఎండల్లో మేమంతా చెమటతో తడిసిపోతుంటే ఆవిడ "ఆ ఫ్యాను ఆపండ్రా, వణుకొస్తోంది" అనేది. ఇంటెడు చాకిరీ ఒంటిచేత్తో చేసుకొచ్చిన మనిషి పొద్దెక్కినా మంచం దిగలేకపోయింది. ముఖం ఉబ్బింది. గొంతు బొంగురుపోయింది. గాజులు బిగుసుకుపోయి, సబ్బు రాసినా ఊడి రాలేదు. దువ్వెన నిండా జుట్టే. ఇవన్నీ రోజూ చూస్తూనే వయసు మీద పడిందనుకున్నాం. చుట్టాల్లో ఒకావిడ, కోడలొచ్చాక ఒళ్లు వంగట్లేదు, బద్ధకమంది. ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. అడ్డు చెప్పలేదు. ఇప్పటికీ అది నన్ను గుచ్చుతూనే ఉంది.

వైద్యం చేయించకపోలేదు. రెండేళ్లలో ముగ్గురికి చూపించాం. రక్తం తక్కువని ఒకరు ఐరన్ మాత్రలిచ్చారు, మలబద్ధకానికి ఒకరు పొడి ఇచ్చారు, మోకాళ్ల నొప్పులకి మరొకరు సూదిమందు వేశారు. చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ అమ్మని కుర్చీ మీద మోకాళ్లు ఆనించి నిలబెట్టి, మడమ పైనున్న స్నాయువు మీద చిన్న రబ్బరు సుత్తితో తట్టింది. పాదం చటుక్కున కదిలింది. వెనక్కి రావడం మాత్రం, బురదలోంచి కాలు తీస్తున్నంత నెమ్మదిగా వచ్చింది. "థైరాయిడ్ ఎప్పుడైనా చూపించారా పెద్దమ్మా?" అనడిగింది. మర్నాటి రిపోర్టులో టీఎస్‌హెచ్ 90 దాటింది. మామూలుగా అది నాలుగైదు లోపు ఉండాలట.

మెదడు కిందుండే పీయూష గ్రంథి, గొంతులోని థైరాయిడ్‌ని పని చెయ్యమని అదిలించే హార్మోను ఈ టీఎస్‌హెచ్. థైరాయిడ్ మందగించేకొద్దీ అదిలింపు ఎక్కువవుతుంది. ఆ అంకె తెలుసుకోవడానికి ఒక చిన్న సీసాడు రక్తం చాలు.

అప్పటినుంచీ ఒకటి గమనిస్తున్నాను. ఈ జబ్బు లక్షణాలు మన కంటికి జబ్బులా ఆనవు, మనిషి గుణంలా ఆనుతాయి. నలభై ఏళ్ల ఆడమనిషి అలసిపోతే బద్ధకం, మాట మర్చిపోతే పరధ్యానం, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటే నాజూకుతనం. నెలసరి ఎక్కువై నీరసపడితే "ఆడపుట్టుకంతే" అంటారు. థైరాయిడ్ ఎక్కువ పనిచేసేవాళ్లది దీనికి పూర్తిగా ఎదురు. బాగా తింటున్నా చిక్కిపోతారు, గుండె దడదడలాడుతుంది, కాఫీ గ్లాసు పట్టుకున్న వేళ్లు సన్నగా వణుకుతాయి, ఉక్క భరించలేరు. వాళ్లకి కోపిష్టి అని పేరు.

పసిబిడ్డల సంగతి తలుచుకుంటే భయమేస్తుంది. పాలకి ఏడవకుండా ఎప్పుడూ నిద్రపోయే బిడ్డని బుద్ధిమంతుడని ముద్దు చేస్తాం. ఆ బుద్ధిమంతుడికి పసరికలు వారాల తరబడి తగ్గకపోయినా, విరేచనం సరిగా కాకపోయినా, ఏడుపు బొంగురుగా ఉన్నా పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉందేమో చూడాలి. చాలామందికి పుట్టగానే ఏ గుర్తూ ఉండదు కూడా. మడమ మీద చిన్న పోటు పొడిచి రెండు చుక్కల రక్తం పరీక్షిస్తే తెలిసిపోతుంది. రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే బిడ్డ అందరిలాగే ఎదుగుతాడు. నెలలు గడిస్తే మెదడుకి జరిగిన నష్టం మళ్లీ పూడదు.

1962లో కేంద్రం, గొంతు ఉబ్బే గాయిటర్ జబ్బు నివారణ కార్యక్రమం పెట్టింది. అయోడిన్ ఉప్పు ఇంటింటికీ చేరింది, అది గొప్ప పనే. కానీ "అయోడిన్ ఉప్పే వాడుతున్నాం, మనకెందుకొస్తుంది" అనే ధీమా కూడా ఇంటింటికీ చేరింది. ఇప్పుడు మన దగ్గర చాలామందిలో, ఒంట్లోని రక్షణ శక్తే దారి తప్పి థైరాయిడ్ మీద పడుతోంది. దానికి ఉప్పుతో పనిలేదు, గొంతు ఉబ్బి తీరాలనీ లేదు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగింపు కనపడింది. వాళ్లలో ఇంచుమించు మూడో వంతు మందికి పరీక్ష చేసేదాకా ఆ సంగతే తెలియదు.

అందుకని అడుగుతున్నాను. బీపీ, షుగరు కోసం ఇంటికొచ్చే ఆశా కార్యకర్త చేతి కాగితంలో నాలుగు ప్రశ్నలు చేర్పించండి. అందరికీ ఉక్కగా ఉన్నప్పుడు మీకు చలేస్తోందా? తిండి పెరక్కుండానే బరువు పెరిగారా, బాగా తింటున్నా తగ్గారా? నెలసరి మారిందా? గొంతు మారిందా, ముందు భాగాన వాపుందా? అవునన్నవాళ్లకి పీహెచ్‌సీలోనే టీఎస్‌హెచ్ చెయ్యాలి. గర్భిణులకి మొదటి నెలల్లోనే చెయ్యాలి. ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన ఏ బిడ్డా మడమ పరీక్ష కాకుండా ఇంటికి వెళ్లకూడదు. మందుచీటీ ఇచ్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చెప్పమనండి: థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటలు ఎడం. రిపోర్టు బాగా వచ్చిందని సొంతంగా మానకూడదు. అమ్మ రెండు నెలలు కాఫీతోనే మింగింది, మాకు ఎవరూ చెప్పలేదు.

మా ఊరి ఆశా అమ్మాయికి ఈ ప్రశ్నలు నేనే రాసిచ్చాను. తన పుస్తకం చివరి పేజీలో ఇప్పటికి ఏడు పేర్లు రాసుకుంది. వాళ్లలో ముగ్గురు కూలికెళ్లేవాళ్లు. పరీక్షకి టౌనుకెళ్లాలంటే బస్సు చార్జీ, ల్యాబు డబ్బులు, ఒక రోజు కూలి. పంట నూర్పిళ్లయ్యాక వెళ్తామంటున్నారు.

ఇట్లు,
ప్రకాశం జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచరు