ఏ ఊళ్ళో ఆట? ఏ హాల్లో పాట?

ఆల్బర్ట్ హాలు ఏ ఊళ్ళో ఉంది?

‘ఇదీ ఒక ప్రశ్నేనా గురూ, లండన్‌లో!’ అంటారు మీరు. నిజమే, 2019 అక్టోబర్ 19న మన ‘బాహుబలి’ తెరమీద ఆడుతుంటే, వాద్యబృందం ఎదురుగా కూర్చుని నేపథ్య సంగీతం వాయించింది లండన్‌లోనే. 2025 మే 11న ‘ఆర్ఆర్ఆర్’కీ అదే మర్యాద దక్కింది. రాజమౌళి, ఎన్టీఆర్, రామ్‌చరణ్ ముగ్గురూ హాజరు! మరి అంత పేరున్న హాలుకి ఊరు అడగడమేమిటి?

అక్కడే ఉంది తిరకాసు. లండన్‌లో ఉన్నది ‘రాయల్’ ఆల్బర్ట్ హాలు. ఉత్త ఆల్బర్ట్ హాలు మాంచెస్టర్‌లో ఒకటుంది, నాటింగ్‌హామ్‌లో ఇంకొకటుంది. మనిషికైతే ‘బాహుబలి ఆడిన హాలు’ అంటే చాలు, పోల్చుకుంటాడు. యంత్రానికి అలా కుదరదు. పేరులో ఒక్క మాట తగ్గితే లండన్‌కి 300 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మాంచెస్టర్ హాలుని చూపించి చేతులు దులుపుకోగలదు. టిక్కెట్టు కొన్నాక తెలిస్తే ఏం లాభం?

మీ ఫోన్లో ‘దగ్గర్లో ఏం ప్రోగ్రాములున్నాయి’ అని చూపించే యాప్‌లున్నాయి చూశారూ, అవన్నీ హాలు హాలుకీ తిరిగి రాసుకొచ్చినవి కావు. చాలావాటికి ఆ సమాచారం ఎపిఐ అనే కిటికీ దగ్గర దొరుకుతుంది. సినిమా హాలు బుకింగ్ కిటికీ లాంటిదే అనుకోండి. కాకపోతే ఇక్కడ క్యూలో నిలబడేది మనుషులు కాదు, ప్రోగ్రాములు. అడగవలసిన తీరులో అడిగితేనే జవాబు. అడగడానికి ముందు ‘కీ’ అని ఒక పాసు తీసుకోవాలి.

1976లో అమెరికాలోని ఫీనిక్స్‌లో పుట్టిన టికెట్‌మాస్టర్ సంస్థకి అలాంటి కిటికీ ఉంది. పేరు డిస్కవరీ ఎపిఐ. పాసు ఉచితమే గాని, మామూలుగా సెకండుకి 5 ప్రశ్నలు, రోజుకి 5,000 ప్రశ్నలు... అంతే! ఇంకో షరతు కూడా ఉంది. ఒక్కో వెతుకులాటలో మొదటి 1,000 ఫలితాల వరకే చేతికిస్తుంది. ఉత్తినే ‘హాలు’ అని అడిగి కూచుంటే, మీకు కావలసింది 1,001వది కావచ్చు! అందుకే హాలు పేరుతోబాటు దేశం కోడు, రాష్ట్రం కోడు జోడించి అడగాలి.

2007లో లండన్‌లో మొదలైన సాంగ్‌కిక్ వారి పద్ధతి వేరు. ముందు ఊరు తేల్చుకో, ఆ తర్వాతే కచేరీల సంగతి అంటుంది. ‘లండన్’ అంటే ఇంగ్లండు లండనా, కెనడాలో ఒంటారియో లండనా? ‘హైదరాబాద్’ అంటే మన చార్మినార్ ఉన్నదా, పాకిస్తాన్‌లో సింధు రాష్ట్రంలోదా? తేల్చుకున్న ఊరికి ఒక నంబరు ఉంటుంది. ఇక ఆ పైన వ్యవహారమంతా నంబరుతోనే. పైగా చుట్టుపక్కల ఊళ్ళని ఒక మహానగరం కింద చేర్చి లెక్కవేస్తుంది.

అలా చేర్చడం దేనికో డాలస్ తెలుగువాళ్ళని అడగండి. 2024 డిసెంబర్ 21న ‘గేమ్ ఛేంజర్’ ఉత్సవం జరిగింది కదా, అందరి నోటా ‘డాలస్ ఫంక్షన్’ అనే మాటే. తీరా చూస్తే ఆ కర్టిస్ కల్వెల్ సెంటర్ ఉన్నది పక్క ఊరు గార్లండ్‌లో! ఊరు అన్న గడిలో ‘డాలస్’ అని ఉన్న హాళ్ళనే ఏరుకొచ్చే యాప్‌కి అది కనిపించనే కనిపించదు. హైదరాబాద్ అని వెతికి సికింద్రాబాద్‌ని వదిలేసినట్టన్నమాట.

దీనికి మందు అక్షాంశ రేఖాంశాలు. మీరున్న చోటుని కేంద్రంగా పెట్టి, చుట్టూ ఇంత దూరంలో ఉన్న హాళ్ళన్నీ చూపించు అని అడగవచ్చు. ఊరి సరిహద్దుతో పని లేదు. అయితే ఆ దూరం మైళ్ళా, కిలోమీటర్లా అన్నది కూడా చెప్పి తీరాలి. 25 మైళ్ళంటే 40 కిలోమీటర్లు. మైళ్ళు అనవలసిన చోట కిలోమీటర్లు అన్నారో, వెతికే విస్తీర్ణం సగానికంటే తగ్గిపోతుంది!

యాప్ రాసే కుర్రాడికి ఇదంతా ఒకటి రెండు పంక్తుల పని. కాని పరాయి దేశంలో చదువుకుంటూ, సాయంత్రాలు పనిచేసి కూడబెట్టిన డాలర్లతో అభిమాన సంగీత దర్శకుడి షోకి టిక్కెట్టు కొనే పిల్లకి అది నెల రోజుల కష్టం. కారు లేనివాళ్ళకైతే పక్క ఊరి హాలన్నది పక్క దేశంతో సమానం.

అన్నట్టు, అసలు సంగతి ఇంకోటుంది. జాబితాలో లేనిది యాప్ దృష్టిలో లేనట్టే. టికెట్‌మాస్టర్ కిటికీ ముఖ్యంగా అమెరికా, కెనడా, యూరప్, ఆస్ట్రేలియాల వైపు తెరుచుకుంటుంది. అందులో రవీంద్రభారతి కనిపించకపోతే రవీంద్రభారతి లేదని కాదు! ఆ దేశాల్లోనైనా, మనవాళ్ళు ఏ స్కూలు ఆడిటోరియంలోనో, గుడి హాల్లోనో కూచిపూడి ప్రదర్శన పెట్టి, టిక్కెట్లు చేతికిచ్చి అమ్ముకుంటే ఆ కబురు కిటికీ దాకా ఎవరు చేరవేస్తారు? ‘దగ్గర్లో ఏమీ లేవు’ అని ఫోను చెప్పిందంటే, ‘నా పుస్తకంలో ఏమీ లేవు’ అని అర్థం చేసుకోవాలి.

కాబట్టి యాప్‌లు కట్టే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! హాలు పేరు పక్కన ఊరు, రాష్ట్రం, దేశం తప్పకుండా చూపించండి. మీ జాబితాలో లేని చిన్న హాలువాళ్ళు తమ కబురు తామే చెప్పుకోవడానికి ఒక గడి ఉంచండి. ఇక టిక్కెట్టు కొనే మిత్రులారా! మీట నొక్కేముందు ఆ మూడూ ఒకసారి చదవండి.

తారని గుర్తుపట్టడానికి మొహం చాలు. హాలుని గుర్తుపట్టాలంటే మాత్రం ఇంటిపేరు కూడా కావాలి!