కుండీని మార్చాలా? మొక్కను నేలలో నాటాలా?



"పాతది ఇక పనిచేయదు, కొత్తదానికి సొమ్ము కట్టండి" అన్న మాట ఈ కాలంలో ప్రతి ఇంటికీ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉన్నది. అది ఫోను గురించి కావచ్చు, పిల్లల చదువుకని కొన్న కంప్యూటరు గురించి కావచ్చు. అప్పుడు మనకు రెండే దారులు కనిపిస్తాయి. కట్టివేసి నిశ్చింతగా ఉండడం ఒకటి, దండుగ ఖర్చని ఊరుకోవడం మరొకటి. ఈ రెంటికీ నడుమ పరిశీలించవలసినది చాలా ఉన్నదని మాకు ఒక అనుభవం నేర్పినది. అందులో మా తప్పు కూడా ఉన్నది. కనుక దాచకుండా చెప్పుచున్నాము.

మా మదర్సా రాజమహేంద్రవరానికి దిగువన, కాలువ గట్టున ఉన్న ఒక ఊరిలో ఉన్నది. 1996 నవంబరు తుఫానులో పైకప్పు ఎగిరి, చేతితో వ్రాసి దాచుకొన్న పాఠాల కట్టలు తడిసి ముద్దయినవి. ఆ తరువాతి సంవత్సరాలలో ఒక్కొక్క పాఠాన్నీ కంప్యూటరులోకి ఎక్కించుకొంటూ వచ్చినాము. తెలుగు దీనియాత్ వాచకాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోను, ఉర్దూ పాఠాలు, సనదులు ఇన్‌పేజ్‌లోను తయారయ్యేవి. అవన్నీ విండోస్ ఎక్స్‌పీ కాలపు పనిముట్లు.

కాలం మారినది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సంస్థ 2014 ఏప్రిల్ 8న భద్రతా సవరణలు నిలిపివేసినది. మేము కొన్న తరువాతి కంప్యూటరులో పాత పనిముట్లు సరిగా నడవలేదు. అప్పుడు తెలిసినవారు వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరును ఏర్పాటు చేసినారు. అనగా, కంప్యూటరు లోపల మరొక కంప్యూటరు ఉన్నట్లు భ్రమ కల్పించే సాఫ్ట్‌వేరు. బయట విండోస్ 7 నడుస్తూ ఉంటే, లోపల ఒక కిటికీలో ఎక్స్‌పీ తన లోకంలో తాను నడిచేది.

మన ప్రాంతం వారికి ఇది కడియం నర్సరీల ఉపమానంతో సులువుగా బోధపడును. ఎదిగిన మొక్కను మరొక చోటికి తరలించునప్పుడు వేళ్ళను దులిపి పట్టుకుపోరు. వేళ్ళ చుట్టూ ఉన్న మట్టితో సహా ఎత్తి కుండీలో పెట్టి పంపుతారు. పాత ప్రోగ్రాము ఆ మొక్క. ఎక్స్‌పీ దానికి అలవాటైన మట్టి. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరు ఆ మట్టిని పట్టి ఉంచే కుండీ.

2023 వేసవిలో ఆ కంప్యూటరు కూడా మొరాయించసాగినది. దాత ఒకరు విండోస్ 11తో కొత్తది ఇప్పించినారు. అందులో మా పాత కుండీ ఇమడలేదు. కారణం తరువాత తెలిసినది. కొత్త విండోస్ తన భద్రత కొరకే ప్రాసెసరులోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని వాడుకొనును. దానితో సర్దుకొని నడవడం పాత వర్షన్లకు తెలియదు. కార్యాలయంలో మాకు సాయపడే పూర్వ విద్యార్థి పాలిటెక్నిక్ చదివినవాడు. అతడు వచ్చి, "హజ్రత్, కొత్త వర్షన్‌కు అప్‌గ్రేడ్ కొంటే చాలండి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే నడుస్తాయి" అన్నాడు. దుకాణంవారు చెప్పిన ధర మా వద్ద నాజిరా చెప్పే ఉపాధ్యాయుని నెల జీతానికి కొద్దిగా తక్కువ. ఆ సాఫ్ట్‌వేరు పేరు ఇక్కడ అనవసరం.

మొదట మేము చూచినది సొమ్ము ఎవరిది అన్న విషయం. జకాత్ నిధిని ఇటువంటి ఖర్చుకు తాకరాదు. సాధారణ విరాళాల నుండే తీయవలెను. ఆ విరాళాలలో కూలి చేసికొని బ్రతికే తల్లులు ఇచ్చిన పది రూపాయల నోట్లు కూడా ఉన్నవి. అది మా చేతిలోని అమానతు. అందుకని కుర్రవానిని ఒక కాగితం తెమ్మని, కొత్త వర్షన్‌లో అదనంగా ఏమేమి వచ్చినవో వ్రాయమన్నాము. త్రీడీ చిత్రాలు చురుకుగా కదలుట, ఎక్కువ ప్రాసెసర్లను కేటాయించుకొనుట, కొత్త ఆపరేటింగ్ సిస్టములను నడుపుట, అనేక యంత్రాల నడుమ నెట్‌వర్కు కల్పించుట అని వ్రాసినాడు. ఇందులో మాకు పనికివచ్చేది ఏదని అడిగితే, కొంతసేపు ఆలోచించి, "కొత్త విండోస్‌లో నడవడం ఒక్కటేనండి" అన్నాడు. మేము నెలకు ఎన్ని రోజులు ఆ ఎక్స్‌పీని తెరుస్తున్నామో కూడా లెక్క చూచినాము. నాలుగు రోజులకు మించలేదు.

అటువంటప్పుడు ఉచితంగా దొరికే ధర్మబద్ధమైన మార్గం ఉన్నదా అని వెదకినాము. ఉన్నది. 2007లో మొదలై, సన్ సంస్థ ద్వారా 2010లో ఒరాకిల్ చేతికి వచ్చిన వర్చువల్‌బాక్స్ అసలు ప్రోగ్రాము ఎవరైనా స్వేచ్ఛగా వాడుకొనదగిన జీపీఎల్ లైసెన్సుతో వచ్చును. దానికి తోడుగా ఇచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ షరతులు వేరు. అది వ్యక్తిగత, విద్యా అవసరాలకు ఉచితం, వ్యాపార వినియోగానికి కొనవలెను. లైనక్స్ వాడేవారికి 2007 నుండి కేవీఎం అన్నది ఆ వ్యవస్థలోనే ఉన్నది. విండోస్ ప్రో తీసుకొన్నవారికి హైపర్-వి అందులోనే వచ్చును, హోమ్ ఎడిషన్‌లో రాదు. పాత కుండీలోని డిస్కు ఫైలును వర్చువల్‌బాక్స్ తెరువగలదని తెలిసి ఒక ప్రతి తీసి అందులో పెట్టినాము.

ఎక్స్‌పీ లేచినది. లేచి, యంత్రం మారినదని గ్రహించి, మరల యాక్టివేషన్ చేయమని అడిగినది. లైసెన్సు కాగితం కొరకు బీరువా వెదకినాము. ఎక్స్‌పీ స్టిక్కరు ఎప్పుడో పాత ఇనుము వానికి అమ్మివేసిన మొదటి కంప్యూటరు డబ్బా మీద ఉండినదని గుర్తుకు వచ్చినది. కంప్యూటరుతో పాటు ఇచ్చే అటువంటి లైసెన్సు ఆ కంప్యూటరుతోనే ముగియును. పేజ్‌మేకర్‌కు కాగితమే దొరకలేదు. చివరకు తెలిసినది ఇది. ఏళ్ళ క్రితం కంప్యూటరు అమ్మిన దుకాణంవారు "ఫ్రీగా వేసి ఇస్తామండి" అని వేసి ఇచ్చిన ప్రతి అది. అప్పుడు మేము అడుగలేదు. అడుగకపోవడమే మా తప్పు.

పాఠకులు గమనించవలెను. కుండీకి ధర చెల్లించడం సబబా కాదా అని రెండు వారాలు తర్కించినాము. ఆ కుండీలోని మట్టి మనది కాదన్న సంగతి మాత్రం చూడలేదు. అప్‌గ్రేడ్ కొని ఉంటే యాక్టివేషన్ ప్రశ్న వచ్చి ఉండేదో లేదో. కొన్నాము గనుక అంతా హలాలే అన్న తృప్తితో ఉండేవారము.

కొందరు అడుగుదురు: సాఫ్ట్‌వేరు నకలు తీసికొంటే యజమాని వస్తువు పోలేదు కదా, ఇది దొంగతనం ఎట్లగును? మన ఉపఖండపు ఉలమాలలో పూర్వం ఈ గ్రంథ హక్కుల విషయమై భిన్నాభిప్రాయాలు ఉన్న మాట నిజమే. అయితే 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, రచన, ఆవిష్కరణ హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ గల హక్కులని, వాటిని అతిక్రమించుట తగదని తీర్మానించినది. అదీ గాక, ఒప్పందానికి, దేశ చట్టానికి విరుద్ధంగా దొరికినదానితో దీన్ పాఠాలు అచ్చు వేయడం మాకు మనస్కరించలేదు. మా విద్యార్థి మొగమాటపడుతూ, "యాక్టివేషన్‌కు క్రాక్ దొరుకుతుందండి" అన్నాడు. "బేటా, ఆ మాట ఇక అనవద్దు" అన్నాము. అంత గట్టిగా చెప్పే అర్హత మాకు అప్పటికి ఉన్నదా అని రాత్రి ఆలోచించినాము.

మరునాడు ప్రశ్ననే మార్చినాము. మనకు కావలసినది ఎక్స్‌పీయా, పేజ్‌మేకరా, లేక అందులోని మన పాఠాలా? పాఠాలు మనవి. మన గురువులు చెప్పినవి, మన చేతులతో వ్రాసినవి. అవి ఆ పెట్టెలో చిక్కుకొనుటకు కారణం అక్షరాలను దాచే పద్ధతి. అను వంటి పాత ఫాంట్లలో ఆంగ్ల అక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు అక్షర ఖండాల బొమ్మలు పెట్టి ఉండును. ఆ ఫాంటు లేని చోట మన పాఠం అర్థం లేని ఆంగ్ల అక్షరాల కుప్పగా కనబడును. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ కూడా తొలి రోజులలో తన సొంత సంకేతాలనే వాడినది. యూనికోడ్‌లో అట్లు కాదు. 1991 నుండి అందులో ప్రతి తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య ఉన్నది. ఏ ఫోనులోనైనా, ఏ కంప్యూటరులోనైనా 'క' అంటే 'క'యే. విండోస్ ఎక్స్‌పీతోనే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన యూనికోడ్ తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన గోదావరి పాయ పేరుతో ఉన్న ఆ ఫాంటు మా ఎక్స్‌పీలోనే ఉన్నది. అన్నేళ్ళూ దాని వైపు మేము చూడలేదు.

కనుక మొక్కను కుండీ నుండి తీసి నేలలో నాటుటకే నిర్ణయించినాము. సుమారు 140 ఫైళ్ళను పెన్‌డ్రైవులో పెట్టుకొని రాజమహేంద్రవరంలో లైసెన్సుతో పేజ్‌మేకరు, అను ఫాంట్లు ఉన్న ఒక డీటీపీ కేంద్రానికి వెళ్ళినాము. అక్కడి యజమాని హిందూ సోదరుడు, మా ఈడువాడు. సంగతి విని, "మౌలానా గారండీ, ఇది అడిగి చేయించుకునేవాళ్ళు తక్కువండి" అని, సరసమైన ధరకే పాఠాన్ని వెలికితీసి యూనికోడ్‌లోకి మార్చి ఇచ్చినారు. మార్పిడిలో వత్తులు తారుమారైనవి, అరబీ పదాల ఉచ్చారణ చెడినది. వాటిని దిద్దుటకు మా వద్ద చదువుకొన్న ఒక యువతిని నియమించినాము. భర్త పోయి ఇద్దరు పిల్లలతో పుట్టింట ఉన్న ఆమె, ఇంటి వద్దనే కూర్చుండి నాలుగు నెలలలో పని ముగించినది. మొత్తం ఖర్చు అప్‌గ్రేడ్ ధర కంటె ఎక్కువే అయినది. కాని అది ఒక్కసారి ఖర్చు, అందులో సగానికి పైగా ఒక ఇంటి పొయ్యి మీదికి చేరినది. ఇప్పుడు వాచకాలను స్క్రైబస్, లిబ్రె ఆఫీస్ వంటి ఉచిత ప్రోగ్రాములలో, స్వేచ్ఛగా దొరికే సురన్న, మల్లన్న వంటి ఫాంట్లతో కూర్చుచున్నాము. పేజీ కూర్పులో పాత సొగసు ఇంకా రాలేదన్న మాట ఒప్పుకొనవలెను. ఎక్స్‌పీని మరల తెరువలేదు.

ఆ తరువాత బయటి లోకంలో జరిగినది కూడా తెలిసికొనదగినది. 1999 నుండి వర్క్‌స్టేషన్ అన్న వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరును అమ్ముతూ వచ్చిన వీఎంవేర్ సంస్థను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొన్నది. పెద్ద సంస్థలు వాడే సర్వరు సాఫ్ట్‌వేర్లకు శాశ్వత లైసెన్సులు అమ్మడం మాని చందా పద్ధతి పెట్టినది. వాటిలో ఉచితంగా ఇచ్చే ఈఎస్ఎక్స్ఐని 2024 ఫిబ్రవరిలో ఆపి, 2025 ఏప్రిల్‌లో మరల ఇచ్చినది. వర్క్‌స్టేషన్ ప్రోను మాత్రం 2024 మే నెలలో వ్యక్తిగత వినియోగానికి, నవంబరులో అందరికీ ఉచితం చేసినది. ముందు రోజు సొమ్ము కట్టినవాడు మరునాడు ఉచితం చూచి నొచ్చుకొనును. నేడు ఉచితమని స్థిరపడినవాడు రేపు చందా చూచి బెదరును. కాలువ లాకులు ఎత్తేవారు, దించేవారు వేరొకరు. మన చేను మాత్రం మన చేతిలో ఉండవలెను.

దీనిని బట్టి సొమ్ము కట్టడమే తప్పని మేము అనుట లేదు. కాకినాడలో ఉన్న మా పూర్వ విద్యార్థి ఒకడు సాఫ్ట్‌వేరు పరీక్షించే వృత్తిలో ఉన్నాడు. రోజుకు ఐదారు ఆపరేటింగ్ సిస్టములను తెరచి మూయవలెను. ఆపిల్ కంప్యూటరు మీద విండోస్ నడుపుటకు అతడు ఏటా చెల్లించి ప్యారలల్స్ వాడుచున్నాడు. గంట ఆదా అయితే గంట కూలి మిగులును. అతనికి అది పనిముట్టు, రైతుకు నాగలి వంటిది. కొనవలసిన దానిని కొనకుండుట పొదుపు కాదు, పిసినారితనం. పనికిరాని దానిని కొనుట ఇస్రాఫ్. రెంటినీ మన దీన్ మెచ్చలేదు.

కనుక అటువంటి ప్రశ్న మీ ఇంటికి వచ్చిననాడు కుటుంబమంతా కూర్చుండి ఈ ఐదింటిని ఒక కాగితం మీద వ్రాసికొనండి. ఆ పెట్టె లోపల మనది ఏమున్నది? దానిని నెలకు ఎన్ని రోజులు తెరుస్తున్నాము? కొత్త వర్షన్‌లో వచ్చిన వాటిలో మనం నిజముగా వాడేవి ఎన్ని? ఇది ఒకసారి ఖర్చా, ఏటేటా ఖర్చా? లోపల ఉన్న ప్రతి ప్రోగ్రాముకు మన వద్ద కాగితం ఉన్నదా? చివరి ప్రశ్నను మొదట అడుగవలెనని మా అనుభవం.

ఇంకొక మాట. కొంతకాలం పాత వ్యవస్థను లోపల నడుపక తప్పనివారు దానికి ఇంటర్నెట్టు ఇవ్వవద్దు. స్నాప్‌షాట్ తీసి అదే బ్యాకప్ అనుకొనవద్దు, అది అదే డిస్కులో ఉండును, డిస్కు పోతే రెండూ పోవును. యంత్రాన్ని ఆపి, ఆ ఫోల్డరు మొత్తాన్ని వేరొక హార్డ్‌డిస్కులోకి ఎత్తి, దానిని వేరొక ఇంటిలో ఉంచండి. తుఫాను చూచిన ఊరివారికి ఇంతకంటె చెప్పనవసరం లేదు.

మన చేతిలోని సొమ్ముకూ, మన చేతిలోని అక్షరానికీ లెక్క చెప్పుకొనగల సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.